సెలైన్ పెట్టవే

నర్సింగ్‌లో పై చదువుకని చేరిన ప్రతివాళ్ళకీ పెద్ద మేడం ఏదో ఒక ముద్దుపేరు తగిలించేది. ఐసీయూలో పనిచేసి వచ్చిన ఈ పిల్లకి ‘గడబిడ’ అని పెట్టింది. మిషను కుయ్యిమనకముందే పరిగెత్తే రకం మరి.

"ఇక్కడ పరుగుల్లేవే గడబిడా. నయంకాని మనిషి పక్కన కుదురుగా కూర్చోవడం నేర్చుకో. పాలియేటివ్ కేర్‌లో సగం అదే" అనేది మేడం.

ఆ చదువింకా పూర్తికాకుండానే మేడమే రోగిగా వచ్చి, తను పాఠాలు చెప్పిన వార్డులోనే మంచం ఎక్కింది. పొట్టలో మొదలైన కేన్సర్ కాలేయం దాకా పాకింది. తోడుగా చెల్లెలొచ్చింది. నర్సుగా గడబిడనే వేయమని మేడం పట్టుబట్టింది.

ముందు తిండి మానేసింది. తర్వాత నీళ్ళూ గొంతు దిగలేదు. "ఒక్క గుక్క అక్కా, నా మీద ఒట్టు" అని చెల్లెలు స్పూను పట్టుకుని బతిమాలితే, పళ్ళు బిగబట్టి తల తిప్పేసుకునేది.

ఒక ఉదయం గడబిడ తడిదూదితో పెదాలు అద్దుతుంటే మేడం ఆమె చెయ్యి పట్టుకుంది.

"సెలైన్ పెట్టవే."

గడబిడ చేతిలో దూది పక్కన పెట్టింది. ఈ దశలో సెలైన్ ఒంటికి పట్టదనీ, ఊపిరితిత్తుల్లో చేరి ఉక్కిరిబిక్కిరి చేస్తుందనీ బోర్డు మీద బొమ్మగీసి మరీ చెప్పింది ఈవిడే. మంచం పక్కన కూర్చుని, నేర్చుకున్నట్టే మెల్లగా అడిగింది.

"మేడం, మీకు దేని గురించి భయంగా ఉంది?"

"నా పాఠం నాకే అప్పజెబుతున్నావా!" మేడం కళ్ళు ఎర్రబడ్డాయి. "చెప్పినంత తేలిగ్గా లేదే. నాకు చావాలని లేదు. పెట్టు. పెట్టవే!"

చెల్లెలు విసురుగా లేచింది. "అంత నోరు తెరిచి అడుగుతుంటే ఇంకా ఆలోచనేంటమ్మాయ్? నీకసలు మనసుందా?"

గడబిడ డాక్టరు గదికి పరిగెత్తి సంగతి చెప్పింది.

"నష్టమని ఆవిడకి తెలుసుగా?" అన్నాడు డాక్టరు.

"నాకంటే బాగా తెలుసు సార్. అయినా అడుగుతున్నారు."

"సరే, ఆవిడ ఒళ్ళు, ఆవిడ ఇష్టం. సన్నగా పెట్టి చూడు. ఆయాసం వస్తే తీసెయ్."

నరం దొరకలేదు. పొట్టమీద చర్మం కిందికే సూది పెట్టింది. పడుతున్న చుక్కల్నే కళ్ళార్పకుండా చూసింది మేడం. "మొహంలో కళ వచ్చింది చూడు" అంది చెల్లెలు. రాలేదు. గడబిడ మాత్రం వచ్చిందన్నట్టు తలూపింది.

మర్నాటికి కాళ్ళు పొంగాయి. ఊపిరిలో గురగుర మొదలైంది. గాలి కోసం మేడం దుప్పటిని గుప్పిళ్ళతో పీకుతోంది. గడబిడ తలకింద దిండ్లు ఎత్తుపెట్టి, ఆయాసానికి మార్ఫిన్ ఇచ్చి, సెలైన్ ఆపబోయింది. చెల్లెలు మీదపడి చెయ్యి లాగేసింది.

"ఆపకు! చంపేస్తున్నావ్ మా అక్కని!"

"పిన్నీ, ఊపిరాడట్లేదు ఆవిడకి. ఆ నీళ్ళే పైకి తన్నుతున్నాయి."

"పెట్టింది నువ్వే కదే!"

మేడం చూపు గడబిడ మీద నిలిచింది. తీసెయ్ అన్నట్టు పెదాలు కదిలాయి. ఇంకేదో కూడా అంది, గురకలో వినపడలేదు. గడబిడ సూది తీసేసింది.

ఇక చెయ్యడానికేం లేదు. చదివిన చదువులో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. చెరోపక్కా కూర్చుని చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఊపిరి ఎడంఎడంగా వచ్చి, వచ్చి, ఇంక రాలేదు.

అక్క చెయ్యి వదలకుండానే చెల్లెలు అడిగింది. "బాధపెట్టి పంపామా?"

కాదని చెప్పాలని గడబిడ నోరు తెరిచింది. కానీ అబద్ధం ఆడలేకపోయింది.

"కొంచెం... పెట్టాం పిన్నీ. అడిగింది కదా. కాదనలేకపోయాం."

తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది. చెల్లెలు ఆమె భుజం మీద వాలిపోయి, వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత గోరువెచ్చని నీళ్ళు తెచ్చుకుని ఇద్దరూ మేడం ఒళ్ళు తుడిచారు. సూది గుచ్చినచోట చర్మం ఇంకా ఉబ్బే ఉంది. చెల్లెలు అక్కడ మాత్రం గుడ్డతో ఆనీఆననట్టు తుడిచింది, నొప్పి పుడుతుందేమో అన్నట్టు.