గోరుకు అందని రెండు ముక్కలు

ఆరో ముక్కను కిరసనాయిలు గుడ్డతో తుడిచి వెలుతురుకు పెట్టినప్పుడు గానీ చిన్నరాములుకు తాను చేసిన పని తెలిసిరాలేదు. గుడ్డ నల్లబడింది. ముక్క మీద రాత లేదు. మిగతా ఐదింటినీ గబగబా తిప్పి చూశాడు. వాటి మీదా లేదు.

యాభై నాలుగేళ్లు వచ్చినా ఆయన ఇంకా చిన్నరాములే. పటాన్‌చెరులోని ఆ పరీక్షశాలలో ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఒకటే. వచ్చిన ఇనుప ముక్కను తుడవడం, మిషన్ దవడల్లో బిగించి తెగేదాకా లాగడం, ఎంత బలానికి తెగిందో రాయడం, తెగిన రెండు సగాలనూ తీగతో కట్టి అరలో పెట్టడం. ఇన్నేళ్లలో వచ్చిన ముక్కలన్నిటి మీదా గుర్తులు పంచ్‌తో గుంటలు పడేలా కొట్టి ఉండేవి. ఎంత రుద్దినా పోయేవి కావు. వీటి మీద మాత్రం ఏది ఏ రకమో మార్కర్ పెన్నుతో రాసి పంపారు. అలవాటుపడ్డ చేతికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

ఇవి కొత్త రకం. పోత పోసినవి కావు, సుత్తితో సాగగొట్టినవీ కావు. ఉక్కు పొడిని పలచగా పరిచి, లేజర్‌తో కరిగించి, దాని మీద మళ్లీ పొడి పరిచి, పొర మీద పొరగా పెంచినవట. మూడింటిని నిలబెట్టి పెంచారు, మూడింటిని పడుకోబెట్టి. ఏ రకం ఎంత బలానికి ఆగుతుందో చెప్పమని సిటీ కంపెనీ అడిగింది. ఆ లెక్కను నమ్ముకుని విమానంలోకి ఏదో కొక్కెం చేస్తారని ఇంజనీరు నరసరాజు నిన్న చెప్పాడు. వచ్చే వారం కంప్యూటర్ మిషన్ వస్తోందనీ, కాంట్రాక్టు వాళ్లలో ఒక్కడినే ఉంచుకుంటారనీ, ఈ సాయంత్రం పైకి పంపే ఆ పేరు నీదేననీ కూడా చెప్పాడు. ఆ మాట రాత్రి బొంతపల్లిలో బస్సు దిగి ఇంటికి చేరగానే భార్య చెవిన వేశాడు చిన్నరాములు. పొద్దున బక్కమ్మ టిఫిన్‌లో ఉడికిన గుడ్డు అదనంగా పెట్టింది.

ఆయన కూర్చోలేకపోయాడు. మిషన్ దాకా నడిచాడు, కిటికీ దాకా నడిచాడు. టీ చల్లారిపోయింది. చేతులు ఊరుకోక ముక్కలను తిప్పుతూనే ఉన్నాయి. అలా తిప్పుతుండగా బొటనవేలి గోరుకు సన్నగా ఏదో తగిలింది. పొరల అంచులు! నిలబెట్టి పెంచినదానికి అవి ముక్క చుట్టూ తిరిగి ఉంటాయి, పడుకోబెట్టినదానికి పొడుగునా సాగి ఉంటాయి. ప్రాణం లేచివచ్చింది. నాలుగింటిని గోరే పట్టిచ్చింది. మిగతా రెండింటిని మాత్రం పంపినవాళ్లే నున్నగా సానబెట్టారు. ఎన్నిసార్లు గీసినా గోరు జారిపోయింది.

నాలుగింటినీ లాగాడు. పడుకోబెట్టినవి రెండూ మొండికేసి, నడుము సన్నబడ్డాక గానీ తెగలేదు. నిలబెట్టినవి చాలా ముందే టప్పున విడిపోయాయి. జొన్నరొట్టెల దొంతరలో పై రొట్టె లేచివచ్చినట్టు పొర దగ్గరే విడిపోయాయి.

ఇక ఉన్నవి ఒకటి నిలువు, ఒకటి పడక. రెండూ లాగి, ముందు తెగినదాని పక్కన నిలువు అని రాస్తే అడిగే నాథుడు లేడు. ఒకదాన్ని దవడల్లో బిగించాడు. విప్పాడు. మళ్లీ బిగించాడు. స్విచ్ మీద వేలు పెట్టి తీశాడు. విప్పి, రెండింటినీ జేబులో వేసుకుని నరసరాజు గదికి వెళ్లి జరిగింది చెప్పేశాడు.

నరసరాజు చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికి వేసి, చిన్నరాములు మనసులో తిరుగుతున్న మాటనే పైకి అన్నాడు. “లాగెయ్యి. తక్కువకి తెగింది నిలువని రాసేద్దాం. నీ పేరు పంపాలా, వద్దా?”

పంపాలనే ఉంది చిన్నరాములుకు. గొంతు దాకా ఉంది.

“తెగినంక పేరు వెడితే ఇగ పరీక్ష దేనికి సార్? పడుకోబెట్టిందాంట్ల ఎక్కన్నో పొడి కరగక కచ్చా ఉండి అదే ముందు తెగిందనుకో. దాన్ని నిలువని రాస్తిమి. ఆ కచ్చా సంగతి ఎవ్వలకు ఎర్కైతది?” అన్నాడు. జేబులోని ముక్కలు రెండూ టేబుల్ మీద పెట్టి, “నేనే తుడిచిన. గట్లనే రాయుండ్రి” అన్నాడు.

నరసరాజు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండి, చివరికి అలాగే రాశాడు. తుడిచిన తప్పు కాగితానికెక్కింది గనక సాయంత్రం ఇంకొకరి పేరు పైకి వెళ్లింది. ఇంటికి వెళ్లి బక్కమ్మకు ఏం చెప్పాలో తోచక చిన్నరాములు బస్టాపులో రెండు బస్సులు వదిలేశాడు. గుడ్డు టిఫిన్‌లో అలాగే ఉంది. మూడో బస్సు ఎక్కాడు. వారం తిరిగాక ఆ గేటులోకి మళ్లీ రాలేదు.

పాత మిషన్‌ను తుక్కు కింద తీసుకుపోయిన రోజు నరసరాజు అర ఖాళీ చేయించాడు. తీగతో కట్టిన సగాల వెనక రెండు నున్నటి ముక్కలు తెగకుండా ఉన్నాయి. వాటికి కట్టిన రేకు బిళ్ల మీద, ఎవరెంత తుడిచినా పోకుండా, పంచ్‌తో చుక్క చుక్కగా కొట్టిన అక్షరాలు: ‘ఒకటి నిలువు, ఒకటి పడక. ఏది ఏదో తెల్వదు.’