చిటికెన వేలి సందు

పాస్కా పండుగకు, అంటే ఈస్టరుకు, ముందు నలభై రోజుల తపస్సుకాలం వచ్చిందంటే చర్చి విచారణలోని కుటుంబాల్లో ఒక్కొక్కరు ఒక్కొక్కటి మానేస్తారు. కొందరు మాంసం, కొందరు టీ, కొందరు సినిమాలు. రంగుల షెడ్డులో పనిచేసే నీలికాళ్లాయన ఏటా సిగరెట్టు మానేస్తానని చర్చి మెట్ల మీద అందరి ముందూ ప్రకటించేవాడు. మానేసేవాడు కూడా. మూడో రోజుకల్లా పుల్లో పుడకో పెన్సిలు ముక్కో, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుని తిరిగేవాడు. ఆయన భార్యకు మానడానికేమీ కనిపించేది కాదు. ఆమె ఆ నలభై రోజులూ ఒక పని అదనంగా నెత్తిన వేసుకునేది. మొగుడి కుడికాలు రుద్దడం.

షెడ్డులో ఆయన పని నీలం తొట్టి దగ్గర. రంగు పట్టిన బట్టను నీళ్లలో వేసి కాళ్లతో తొక్కాలి. రబ్బరు బూట్లు ఇచ్చారు గానీ ఆయన తొడిగేవాడు కాదు. "బూట్లేసుకుంటే బట్ట చెప్పే మాట కాలికి వినబడదు" అనేవాడు. అందుకే కొలిచి గీత గీసినట్టు రెండు కాళ్లూ చీలమండల దాకా నీలం. అసలు పేరు చర్చి పెళ్లిళ్ల పుస్తకంలో ఉండిపోయింది. అందరికీ ఆయన నీలికాళ్లాయనే.

పండుగకు ముందొచ్చే పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ఫాదర్ గారు, ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా, విచారణలో పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. పీఠం ముందు వేసే పన్నెండు కుర్చీల్లో ఆరోది నీలికాళ్లాయనది. కూర్చున్న మొదటి ఏడు అప్పటి ఫాదర్ గారు ఆయన కుడికాలు కడిగి, తుడిచి, లేచి నిలబడితే చేతిలో తెల్లటి తువ్వాలు నీలంగా ఉంది. మిగతా ఆరుగురి కాళ్లూ ఆ తువ్వాలుతోనే తుడిచారు. చర్చిలో జనం ముసిముసిగా నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి ఏడాది నుంచి, తపస్సుకాలం మొదలయ్యే బూడిద బుధవారం సాయంత్రం మొదలు, ఆయన ఇంటికి రాగానే స్టూలు మీద కూర్చోబెట్టి ముందు బకెట్టు పెట్టేది. నిమ్మచెక్క, సబ్బు, గరుకురాయి.

"ఫాదర్ గారు కడుగుతారు కదే. మళ్లీ నువ్వెందుకు?"

"ఆయన కడిగేది పాపం. నేను కడిగేది మురికి. నోరు మూసుకుని కాలిటివ్వవయ్యా."

"రెండోది?"

"ఫాదర్ గారు కుడికాలే కడుగుతారు. ఎడమదానికి నా దగ్గర ఓపిక లేదు. అది షెడ్డుకే ఉంచు."

రోజూ షెడ్డులో ఎక్కేది ఎక్కుతూనే ఉండేది, ఆమె తీసేది తీస్తూనే ఉండేది. ఆమె చెయ్యే కాస్త ముందుండేది. గురువారానికి కుడికాలు తేటపడేది, ఎడమకాలు నీలంగా ఉండేది. వీధిలో వాళ్లు ఆటపట్టించేవాళ్లు. "ఏ కాలు ఇంటిది బాబాయ్, ఏ కాలు పనిది?" ఆయన కుడికాలు ముందుకు చాపి, "ఇది మీ పిన్నిది. దీని మీద నాకు హక్కు లేదు" అనేవాడు.

ఒక్కచోట మాత్రం ఆమె చెయ్యి సాగేది కాదు. మడమ రుద్దినా పాదం రుద్దినా ఊరుకునేవాడు. రాయి చిటికెన వేలి సందుకు వచ్చేసరికి చక్కిలిగింత పుట్టి, కాలు లాక్కుని, బకెట్టు తన్నేసి, స్టూలు మీద మెలికలు తిరిగిపోయేవాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా కిచకిచ నవ్వేవాడు.

"అక్కడొద్దే! చచ్చిపోతాను!"

"చావవులే. ఇల్లంతా నీళ్లు చేశావు, లే, తుడువు."

ఏ రోజుకారోజు పని అక్కడ ఆగిపోయేది. పంతొమ్మిదేళ్లు.

ఈ ఏడు తపస్సుకాలం మూడో వారం శనివారం, పని అయ్యాక షెడ్డు బయట కుళాయి దగ్గర కాళ్లు కడుక్కోవడానికి కూర్చున్నవాడు అలాగే గోడకు చేరగిలబడ్డాడు. పక్కనున్నవాళ్లు అలసటనుకున్నారు. కుళాయి కట్టెయ్యకుండా కూర్చున్నాడేమని ఒకతను వచ్చి కట్టి, అప్పుడు చూశాడు. డాక్టరు గుండె అన్నాడు. షెడ్డు వ్యానులో ఇంటికి తెచ్చి ముందుగదిలో బల్ల మీద పడుకోబెట్టారు.

తెల్లవారి కూతురొచ్చింది. ఆమె వెనకే ఆడపడుచు వచ్చింది. ఆయనకు అక్క, నోరున్న మనిషి. తమ్ముడి మీద పడి ఏడ్చి, లేచి, దుప్పటి సర్దబోయి కాళ్లు చూసి ఆగిపోయింది.

"ఇదేం చోద్యమే? ఒకటి తెలుపు, ఒకటి నీలం. పదిమందీ వస్తారు. చూసినవాళ్లు నవ్విపోరూ? సాక్సులన్నా తొడగండి."

ఆ ఇంట్లో సాక్సులెక్కడివి? భార్య లేచి బకెట్టు తెచ్చింది. మనసులో ఏమీ లేదు. నీలం తువ్వాలు చూసి నవ్విన ఆ నవ్వు ఒక్కటే చెవుల్లో ఉంది. చివరి రోజున కూడా ఆయన్ని చూసి నవ్వనివ్వకూడదు, అంతే.

ఎడమకాలు ఒళ్లో పెట్టుకుని రుద్దింది. నలభై రోజుల పని గంటలో చేసింది. ఏడుసార్లు నీళ్లు మార్చింది. మడమ పగుళ్లలో నిమ్మచెక్క వేసి రుద్దింది. నీళ్లు నీలంగా, తర్వాత పల్చగా, తర్వాత ఉత్త నీళ్లలా అయ్యాయి. పాదం ఎవరిదోలా తెల్లగా బయటపడింది. రాయి చిటికెన వేలి సందుకొచ్చింది.

ఆమె చెయ్యి ఆగింది. అలవాటుగా, ఇప్పుడు లాక్కుంటాడని ఆగింది.

కాలు కదల్లేదు.

ఆమె ఇంకాసేపు ఆగింది. "కానివ్వు, ఫాదర్ గారొచ్చే వేళయింది" అని ఆడపడుచు గుమ్మంలోంచి అన్నది. ఆమె రాయి బకెట్టులో వేసేసి, కాలు తుడిచి, దుప్పటి కప్పింది.

నాలుగో రోజున కూతురు వెళ్లిపోయింది. తల్లి పనిలోకి వెళ్లింది. సిస్టరమ్మల హాస్టలు వంటింట్లో గిన్నెలు తోమడం ఆమె పని. తొట్టి నిండా నీళ్లు పట్టి, చేతులు ముంచబోతూ చూసుకుంది. అరచేతులు నీలంగా ఉన్నాయి. గీతగీతలోనూ నీలం. గోళ్ల నిండా నీలం.

అప్పుడు తెలిసింది తను చేసిందేమిటో.

ఊళ్లో అందరికీ ఆయన కాళ్లతోనే తెలుసు. గుంపులో ఉన్నా ఆ కాళ్లు చూసి పోల్చుకునేవాళ్లు. ఆ కాళ్లను తన చేతులతోనే అరగదీసి, ఎవరి కాళ్లో తగిలించి మట్టిలోకి పంపింది. షెడ్డు చొక్కాలు దండెం మీద ఉన్నాయి, వాటి మీదా నీలముంది. కానీ అది తొట్టిలోంచి చింది పడ్డ నీలం. ఇది ఆయన ఒంటి మీదనుంచి వచ్చింది. ఇక మిగిలింది ఇదొక్కటే. దీన్ని తీసుకెళ్లి సబ్బునీళ్లలో ముంచాలి.

"ఏమ్మా, అలా చూస్తూ నిలబడితే గిన్నెలు వాటంతటవే తోముకుంటాయా?" వంటింటి సిస్టరు అడిగింది.

"సిస్టర్, నన్ను కూరగాయలకు మార్చండి."

"కూరగాయలు మాత్రం కడగకుండా తరుగుతావా? అసలు ఏమైంది?"

ఆమె చేతులు చూపించింది. "ఆయనవి" అన్నది.

సిస్టరు ఆ చేతులు పట్టుకుని చూసింది. లోపలికి వెళ్లి రబ్బరు చేతితొడుగులు తెచ్చి, తనే తొడిగి, మణికట్ల దగ్గర దారంతో కట్టింది. "కానీ చెమట పడుతుందమ్మా. చెమటకి కూడా పోతుంది" అని మాత్రం అన్నది.

పోతూనే వచ్చింది. ఇంట్లో ఎడమచేత్తో స్నానం చేసింది. అన్నం చెంచాతో తిన్నది. శుక్రవారం సిలువ మార్గం ప్రార్థనలో పుస్తకం పట్టుకుంటే చేతులు దానికెక్కడ రాసుకుంటాయోనని పక్కావిడ పుస్తకంలోకి తొంగి చూసి చదివింది. తపస్సుకాలం ఐదో ఆదివారానికి అరచేతులు మామూలయ్యాయి. తర్వాత వేళ్ల గీతలు. చివరికి కుడి బొటనవేలి గోరులో మిగిలింది, సగం చందమామలా. అదైనా గోరుతోపాటు పైకి జరుగుతోంది. కింద తెల్లగోరు పుడుతోంది. ఆమె గోరు కత్తిరించలేదు. దేనికైనా తగిలి విరుగుతుందేమోనని ఆ వేలిని గుప్పిట్లో దాచుకుని తిరగడం మొదలుపెట్టింది.

పవిత్ర వారం సోమవారం, చర్చి పనుల్లో ఫాదర్ గారికి సాయంగా ఉండే ఉపదేశి వచ్చాడు. నీలికాళ్లాయనకు తమ్ముడి వరస. చేతిలో పన్నెండు పేర్ల కాగితం ఉంది.

"వదినా, అన్న కుర్చీ సంగతి..."

"ఖాళీగా ఉంచండి."

"ఖాళీ కుర్చీ ముందు ఫాదర్ గారు మోకాళ్లూని ఏం కడుగుతారు వదినా? నేలా?" అనేసి నాలుక్కరుచుకున్నాడు. "అల్లుణ్ని పంపు పోనీ."

"అల్లుడి కాళ్లు తెల్లగా ఉంటాయి."

అతనికి అర్థం కాలేదు. "తెల్లగా ఉంటే మంచిదేగా... ఫాదర్ గారు ఇంకో మాట అన్నారు. నిన్నే రమ్మన్నారు. ఇప్పుడు ఆడవాళ్లని కూడా కూర్చోబెడుతున్నారు."

"నన్నా? నా మడమలు చూస్తే ఫాదర్ గారు పాస్కా పండుగ వాయిదా వేస్తారు."

ఉపదేశి నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది. ఇంట్లో పదహారు రోజుల తర్వాత వినబడిన నవ్వు అది. ఇద్దరూ ఒక్కసారే ఆపేశారు. ఆమె ఆ కాగితం వైపు చూసి, "వస్తాను. వేరేవాళ్లు కూర్చోవడం నేను చూడలేను" అన్నది.

బుధవారం సాయంత్రం, ఏ ఆలోచనా లేకుండానే, బకెట్టు నింపి స్టూలు ముందు పెట్టింది. పెట్టాక చూసుకుంది. తన కాళ్లయినా రుద్దుకుందామంటే మోకాళ్లు వంగవు. నీళ్లు అలాగే వదిలేసి పడుకుంది.

గురువారం పూజకు ముందుగానే పన్నెండుమందినీ కూర్చోబెట్టారు. ఐదో కుర్చీలో గడియారాలు బాగుచేసే ఆయన. పంతొమ్మిదేళ్లూ నీలికాళ్లాయన పక్కన కూర్చున్నది ఆయనే. ఆమె చెప్పులు విప్పి, కాళ్లు చీర కిందకి లాక్కుని, కుడిచెయ్యి గుప్పిట మూసుకుని కూర్చుంది. గడియారాలాయన చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"చెల్లెమ్మా, ఒక మాట చెప్తాను, కోప్పడకూడదు."

"చెప్పండన్నయ్యా."

"నువ్వు అంత రుద్ది పంపేదానివి కదా. ఏటా చిటికెన వేలి సందులో నీలం ఉండిపోయేది. ఇక్కడ కూర్చోగానే వేళ్లు విడదీసి నాకు చూపించేవాడు. 'చూడు బావా, ఇది ఆవిడకి దొరకలేదు' అని. ఫాదర్ గారు దగ్గరికొస్తుంటే వేళ్లు దగ్గరికి ముడిచేసేవాడు, చిన్నపిల్లాడు బిళ్ల దాచుకున్నట్టు. 'ఆవిడతో అనకు, తెలిస్తే అదీ వదలదు' అనేవాడు."

ఆమె తల తిప్పి ఆయన్ని చూసింది.

"ఎంతుండేది?"

"ఎంతంటే... గడియారంలో చిన్న ముల్లుంటుందే, అంత."

కుడికాలిలో ఎప్పుడూ దొరకలేదు. ఎడమకాలిలో, ఆ రోజు, అక్కడికొచ్చే ఆమె చెయ్యి ఆగింది. లాక్కుంటాడని చూసి చూసి రాయి బకెట్టులో వేసేసింది. ఆ సందులో రాయి పడలేదు. రెండు కాళ్లలోనూ పడలేదు.

ఉంది. ఆయన దగ్గరే ఉంది. చిన్న ముల్లంత.

గుప్పిట విప్పి బొటనవేలు చూసుకుంది. గోరు చివర ఒక గీత మిగిలింది. దాన్ని మళ్లీ దాచుకోలేదు. చెయ్యి ఒళ్లో అలాగే వదిలేసింది. మనసు కుదుటపడుతుందనుకుంది. పడలేదు. నీలం ఆయన దగ్గరుంది, సరే. కాలు లాక్కుని కిచకిచమనే ఆ నవ్వు ఏ సందులోనూ మిగల్లేదు. దాన్ని ఏ చేతికీ అంటించుకోలేకపోయింది. ఇన్నేళ్లలో ఆ నవ్వు వచ్చినప్పుడల్లా ఇల్లు తడిసిందనే తిట్టింది.

సువార్త చదివారు. ప్రసంగం అయింది. ఫాదర్ గారు పైవస్త్రం తీసి, నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఒక్కొక్క కుర్చీ ముందూ మోకాళ్లూనుతూ వచ్చారు. ఉపదేశి పళ్లెం పట్టుకున్నాడు. ఆరో కుర్చీ వచ్చింది. ఆమె చీర అంచు కొద్దిగా పైకెత్తి కుడికాలు ముందుకు పెట్టింది. పగిలిన మడమ, రుద్దని కాలు. ఫాదర్ గారు దాన్ని అరచేతిలోకి తీసుకుని నీళ్లు పోశారు. నీళ్లు చల్లగా వేళ్ల మధ్యకు జారాయి. తుడవబోయి ఆయన వేలు చిటికెన వేలి సందుకు తగిలింది.

ఆమె కాలు దానంతటదే చటుక్కున వెనక్కి వచ్చేసింది. పళ్లెం ఒరిగింది. నీళ్లు చలువరాయి మీద పారాయి.

తనకీ అక్కడ చక్కిలిగింత ఉందని ఆమెకు తెలియదు. తెలియడానికి ఆ కాలినెప్పుడూ ఎవరూ పట్టుకోలేదు. గొంతులోంచి చిన్న నవ్వు లాంటిది బయటికొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకునేలోపే అది నవ్వు కాకుండా పోయింది. చర్చి నిండా జనం, ఒక్కరూ కదల్లేదు. పక్క కుర్చీలో గడియారాలాయన తల వంచుకుని తన కాళ్లు చూసుకుంటున్నాడు.

ఫాదర్ గారు తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని, తడినేల మీద మోకాళ్ల మీదే ఆగారు. కాలు ఇమ్మని అడగలేదు. ఆమె తిరిగి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.