కంటోన్మెంటుకు టాక్సీ

సదాశివరావు పదిహేను రోజులు బీజింగ్ వెళ్ళొచ్చాడు. వెళ్ళింది మంత్రిత్వశాఖ బృందం వెనక ఫైళ్ళు మోయడానికే అయినా, తిరిగొచ్చింది మాత్రం టాక్సీల మీద మహాపండితుడిగా. ఆర్.కె. పురం క్వార్టర్‌కి ఎవరొచ్చినా కాఫీ చల్లారేదాకా అదే కథ. అక్కడ నోరు తెరవక్కర్లేదట. వెళ్ళాల్సిన చోటు హోటల్‌వాళ్ళే చైనా లిపిలో కార్డు మీద రాసిస్తారట. అది డ్రైవరు చేతిలో పెట్టి కూర్చుంటే అంత మహానగరంలోనూ గుమ్మం ముందు దింపుతాడట. తిరిగి రావడానికి ఇంకో కార్డు. ఆయన భార్య మాణిక్యాంబకు ఈ కథ కంఠతా వచ్చేసింది. విసుక్కునే ఓపిక కూడా పోయింది.

ఆవిడ ఢిల్లీ వచ్చి ఆరేళ్ళయినా ఒంటరిగా కాలనీ మార్కెట్టు దాటి ఎరగదు. మొదట్లో మునిర్కాలో అద్దెకున్నప్పుడు పక్కవాటాలో లక్ష్మీకుమారి ఉండేది. ఆమె భర్త వీరరాఘవులు సైన్యంలో సుబేదారు. కూరలబండివాడితో బేరం, డాక్టరుకు జబ్బు చెప్పుకోవడం, ఇంటాయనతో నీళ్ళ గొడవ, అన్నీ మాణిక్యాంబ తరఫున లక్ష్మీకుమారే మాట్లాడేసేది. తర్వాత వీళ్ళకు ఆర్.కె. పురంలోనూ, వాళ్ళకు కంటోన్మెంటులోనూ క్వార్టర్లు వచ్చాయి. రెండేళ్ళయింది. అప్పట్నుంచి కలవాలంటే సదాశివరావుకు ఆదివారం తీరిక దొరకాలి, ఎండ తగ్గాలి, బస్సు రావాలి. ఒక బస్సెక్కి ధౌలా కువాఁలో దిగి, రెండో బస్సు కోసం పడిగాపులు పడి, అది రాకపోతే ఆయన ఆటోవాడితో దెబ్బలాడి, చేరేసరికి సగం రోజు హరీమనేది. అలా వెళ్ళింది ఏ రెండుసార్లో, మూడుసార్లో. కంటోన్మెంటంటే ఏదో పొరుగు జిల్లా అన్నట్టు మాణిక్యాంబ మనసులో పాతుకుపోయింది.

ఇప్పుడు వీరరాఘవులుకు అస్సాం బదిలీ అయింది. అక్కడ కుటుంబానికి ఇల్లివ్వరు. లక్ష్మీకుమారి విజయనగరం వెళ్ళిపోతోంది. బుధవారం మధ్యాహ్నం సామానుకు మిలిటరీ బండి వస్తుందని పక్కింటివాళ్ళ ఫోనుకు కబురు చేసింది. రమ్మని మాత్రం అడగలేదు. మాణిక్యాంబ ఒంటరిగా రాగల మనిషి కాదని ఆమెకు తెలుసు.

"నాకు సెలవు దొరకదు. నువ్వే వెళ్ళిరా," అన్నాడు సదాశివరావు.

"ఒక్కదాన్నా? నాకు హిందీ ఎక్కడ ఏడిసిందండీ?"

"హిందీ ఎందుకూ? బీజింగ్‌లో నాకు చైనా భాష వచ్చా?"

రెండు కార్డులు రాసిచ్చాడు. ప్రభుత్వం పెట్టే హిందీ పరీక్షలన్నీ పాసై ఇంక్రిమెంటు కొట్టిన మనిషాయె, మామూలు హిందీ ఆయన కలానికి ఆనదు. 'సవినయ్ నివేదన్' అని మొదలెట్టి, కంటోన్మెంటును 'ఛావనీ' చేసి, అచ్చం ఆఫీసు నోటీసులా దిద్దాడు.

మే నెల ఎండ. టాక్సీ స్టాండుకు నడిచి వెళ్ళేసరికే మాణిక్యాంబకు ప్రాణం సోలిపోయింది. నులకమంచం మీద నడుం వాల్చిన ముసలి సర్దార్జీ లేచి కార్డందుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, వెనక్కి తిప్పాడు.

"హిందీ పఢ్‌నా నహీఁ ఆతా, బీబీ. గుర్‌ముఖీ, ఉర్దూ, బస్," అని తిరిగిచ్చేశాడు.

గలగలా హిందీ మాట్లాడే మనిషికి ఆ అక్షరాలే రావు. రాసి చేతిలో పెడితే చాలు, దేశమంతా చదివేస్తుందని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి తప్ప ఇంకెవరికి తడుతుంది? స్టాండులో ఇంకో బండి లేదు. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది ఆవిడకు. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు తన బదులు మాట్లాడుతుంటే వినడం, వాళ్ళ వెనకాలే నడవడం. ఆ అలసటంతా ఇప్పుడొక్కసారిగా కాళ్ళలోకి దిగింది. కానీ వెనక్కి తిరిగితే లక్ష్మి మళ్ళీ కనబడదు.

"భయ్యా," అంది. ఆయనకు వినబడలేదు. మళ్ళీ అంది. "కంటోన్మెంట్. గోపీనాథ్ బజార్. మిలిటరీ క్వార్టర్. మేరా... మా లక్ష్మి జాతీ హై. జల్దీ."

"అచ్ఛా! తో ఐసే బోలో నా," అంటూ సర్దార్జీ మీటరు తిప్పాడు.

అంబాసిడర్ వేడిగాలి మింగుతూ పరిగెత్తింది. మాణిక్యాంబ చీరకొంగు పిడికిట్లో బిగించి కూర్చుంది. పడిగాపులు పడ్డ ఆ బస్‌స్టాపు ఇలా కనబడి అలా వెనక్కి పోయింది. ఇంకాసేపటికే బండి ఆగింది. పాడయిందేమో అనుకుంది.

"ఆ గయా, బీబీ."

"నహీ భయ్యా. కంటోన్మెంట్ దూర్. బహుత్ దూర్!"

సర్దార్జీ బజారు బోర్డు వైపు వేలు చూపించాడు. ఆ పక్కనే లైను క్వార్టర్లు. మిలిటరీ బండిలోకి తెల్ల రంగుతో పేరు రాసిన నల్ల ట్రంకుపెట్టెలు ఎక్కిస్తున్నారు. గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీకుమారి ముందు నమ్మలేదు, తర్వాత పరిగెత్తుకొచ్చింది.

"ఎవరితో వచ్చావే?"

"ఒక్కదాన్నే. టాక్సీలో." ఆ మాటంటుంటే మాణిక్యాంబకు చెప్పలేనంత గర్వంగా ఉంది.

"అంత దూరం నుంచీ! ఎంతసేపు పట్టింది?"

మాణిక్యాంబ వచ్చిన దారి వైపు చూసింది. గర్వమంతా కిందికి జారిపోయింది.

"చెప్పవే."

"దూరం లేదు లక్ష్మీ," అంది మెల్లిగా. "పొయ్యి మీద పప్పు పెట్టి వస్తే, అది ఉడికేలోపు వచ్చేయొచ్చు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ రెండేళ్ళలో పురిటికి సాయం లేక లక్ష్మీకుమారి ఒక్కతే పడ్డ అవస్థ, జ్వరంతో మాణిక్యాంబ గోడ వైపు తిరిగి పడుకున్న రోజులు, పలకరించే దిక్కులేని మధ్యాహ్నాలు, అన్నీ ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఎవరూ వాళ్ళను ఆపలేదు. దూరమనుకున్నారు, అంతే.

బండి హారన్ కొట్టింది. వీరరాఘవులు పిలుస్తున్నాడు. లక్ష్మీకుమారి ఆవిడ చెయ్యి వదల్లేదు. కళ్ళు తుడుచుకుంటూ కోపంగానే అంది:

"ఇవాళెందుకొచ్చావే? రాకపోయినా బాగుండేది. ఢిల్లీ పెద్దది కాబట్టి కలవలేకపోయామనుకుంటూ పోయేదాన్ని."