మూడు మార్కుల ఆట

ఉరవకొండలో కంప్యూటర్ నేర్పే సువర్ణ, హైదరాబాదు నుంచి వచ్చే ఒక కంప్యూటర్ మాసపత్రికకు ఆటల సమీక్షలు రాస్తుందంటే తెలిసినవాళ్లలో సగం మంది నమ్మలేదు. మిగతా సగానికి సమీక్ష అంటే ఏమిటో తెలియదు. ఆమెకున్న నికార్సయిన అభిమాని ఒక్కడే, నాయన హనుమంతప్ప. ఆయనకేమో చదువు రాదు. అందుకని పంపే ముందొకసారి, అచ్చయ్యాక ఒకసారి ఆమె చదివి వినిపించాలి. ఆయన శనక్కాయలు ఒలుచుకుంటూ వినాలి.

2006 వేసవిలో ఒక డిటెక్టివ్ కంప్యూటర్ ఆట వచ్చింది. తప్పిపోయిన రైతును వెతుక్కుంటూ డిటెక్టివ్ ఒక ఎండిన ఊరికి వెళతాడు. ఊరంతా బావులు తవ్వుతూ ఉంటుంది. అడుగున నీళ్లు లేవు. భూమికంటే పాతదేదో ఉంది, అది పిలుస్తూ ఉంటుంది. ఆ పిలుపు ఎక్కువసేపు విన్నవాడికి మతి చలిస్తుంది. విమర్శకులు ఈ ఆటను ఉతికి ఆరేశారు. ఎనిమిది బావులు ఎండిపోయాక తొమ్మిదోది తవ్వే మనుషులు ఎక్కడైనా ఉంటారా అని ఇంటర్నెట్టులో ఒకటే ఎగతాళి. అందరూ కూడబలుక్కున్నట్టు పదికి మూడు మార్కులే వేశారు.

"మీరూ మూడే వేయండి సువర్ణగారూ. ఒక పేజీలో తేల్చేయండి," అన్నాడు సంపాదకుడు రాజేంద్ర ఫోన్లో.

తేల్చేసింది. బుద్ధున్నవాడెవడూ అన్నిసార్లు తవ్వడని తనూ ఒక చురక అంటించి, ఇంటికొచ్చి చదివింది. హనుమంతప్ప కాయలు ఒలవడం ఆపేశాడు.

"వాళ్లు ఎన్ని తవ్వినారంటివి?"

"తొమ్మిది నాయనా."

"మనం పదకొండు బోర్లేసినాం కదమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. అదే ఆమెను కోసేసింది. పదకొండు బోర్లలోనూ నీళ్లు పడకపోవడం కళ్లారా చూసిన తనకే రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుకే రాలేదు! ఎవరో ఎక్కడో నవ్వితే తనూ నవ్వింది, అంతే. సిగ్గుతో తలెత్తలేక అడిగింది.

"అన్నిసార్లు ఎందుకేస్తివి నాయనా?"

"నీళ్లు చూసే తిప్పయ్య టెంకాయ అరచేతిలో పెట్టుకొని చేనంతా తిరుగుతాడు. నీళ్లుండే చోట అది లేసి నిలబడతాది. అది చూసినాక మనసు నిలవదు. బోరు బండి వచ్చి దిగుతాంటే రెండొందలడుగుల కాడ ఉత్త దుమ్ము. మున్నూరు కాడ రవ్వంత తేమ. 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని కిందినుంచి ఎవరో పిల్చినట్లే ఉంటాది. నిలపమని చెప్పేకి నోరు రాదు." ఒక కాయ ఒలిచి పక్కన పెట్టాడు. "పన్నెండోది వద్దనే అనుకుంటాండా. ఎన్నాళ్లు ఆగగలనో ఏమో."

సువర్ణ రాసినదంతా చింపేసి మళ్లీ మొదలుపెట్టింది. ఆయన మాటలు అక్షరం మార్చకుండా పెట్టింది. ఇలాంటి మనుషులు ఉండరనేవాళ్లను ఒకసారి మా జిల్లాకు వచ్చి పొమ్మంది. పదికి తొమ్మిది మార్కులు వేసి, 'నీ మాటలు పెట్టినా, అచ్చయినాక చదువుతా' అని మాత్రం నాయనకు చెప్పి పంపింది.

నెల తిరిగేసరికి పత్రిక వచ్చింది. పేజీలో ఆమె పేరుంది, ఆట బొమ్మ ఉంది. నాయన మాట ఒక్కటీ లేదు. 'నవ్వు తెప్పించే భయం, మూడు మార్కులు' అని రాజేంద్ర తనే రాసి పడేశాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

హనుమంతప్ప ఆశగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నా మాట ఏసినారా?"

ఆ మొహం చూసి లేదనలేకపోయింది. పత్రిక అడ్డం పెట్టుకుని తను రాసి పంపినదే గుర్తున్నంతవరకూ గడగడా చదివేసింది. ఆయన్ను చూసి ఇంకెవరూ నవ్వకూడదు, ఆ క్షణాన ఆమెకు కావాల్సింది అదొక్కటే.

"పదికి తొమ్మిదా!" ఆయన మొహం విప్పారింది. "చూస్తివా, హైదరాబాదోళ్లు గూడా తప్పు పట్టలేదు. నేనే ధైర్యం చాలక కూచోనుంటి." లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"యాడికి నాయనా?"

"తిప్పయ్య కాడికి. రేపు పొద్దున్నే చేన్లోకి రమ్మని చెప్పొస్తా."

సువర్ణ పత్రిక పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది.

"నిలబడు నాయనా! నేను అబద్ధం చదివినా. మూడే ఏసినారు. నీ మాటలు తీసేసినారు. చూడు!"

ఆయన నవ్వాడు. "నన్ను ఆపేకి చెప్తాండావు లేమ్మా."

ఆమె పేజీ తెరిచి ఆయన కళ్లముందు పెట్టింది. హనుమంతప్ప ఆ అక్షరాలన్నింటినీ పైనుంచి కిందిదాకా తృప్తిగా చూశాడు.

"శానా బాగా ఏసినారు," అని పేజీని ఒకసారి నిమిరి, తిప్పయ్య ఇంటి వైపు నడిచాడు.