అపశ్రుతి తాత పెట్టెలు

ఇంటికో వెర్రిబాగులవాడు ఉంటాడు. హార్మోనియంలు బాగుచేసే ఈ పిల్ల ఇంట్లో ఆ పదవి చచ్చిపోయిన మనిషికి కట్టబెట్టారు, ఎదురు చెప్పడు కదా! ఆయన నాయనమ్మకి తండ్రి. నలభై ఏళ్ళు వాయిద్యాల కొట్టు నడిపినా ఇంట్లో మాత్రం ఆయన పేరు అపశ్రుతి తాత. ఆయన అమ్మిన ప్రతి హార్మోనియంలోనూ ఆరో స్వరం వెంట్రుకవాసి కిందికి పలికేదట. చెవి లేనివాడికి సంగీతం కొట్టెందుకని మూడు తరాలుగా నవ్వుకుంటున్నారు.

ఇప్పుడు పిల్ల సొంతంగా రిపేరు కొట్టు పెడుతోంది. బోర్డు మీద ముత్తాత పేరే ఉండాలని ఆమె పట్టు. ఇంటి ముందున్న కొట్టు గది నాన్నది, ఆయనేమో ససేమిరా అన్నాడు.

"ఆ పేరు చూస్తే నీ గుమ్మం ఎవరు తొక్కుతారే? ఆయనకి చెవి ఉందని రుజువు చూపించు, నేనే రాయిస్తా."

పెయింటరు గురువారం వస్తానన్నాడు. పిల్ల కాళ్ళరిగేలా తిరిగింది. ముత్తాత కొట్టున్న చోట ఇప్పుడు కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు. ఆ ముసలి యజమాని మంచివాడు. అద్దాల బీరువా జరిపి, ఒకప్పుడు ఫిడేళ్ళు వేలాడిన కొక్కేలు చూపించాడు. కిటికీ పక్కనున్న చెక్క తిన్నె మీద అప్పటి వాయిద్యాల కొట్టాయన భార్య కూర్చుని, కొనేవాళ్ళకి ప్రతి హార్మోనియం పెట్టె మీదా పాట పాడి వినిపించేదని తన తండ్రి చెప్పేవాడట. బాగానే ఉంది గానీ, ఇందులో చెవికి రుజువేదీ?

అసలు సంగతి దాచడమెందుకు, పిల్లకీ లోలోపల అనుమానమే. ముత్తాత కొట్టు ముద్ర ఉన్న పెట్టెలు ఇప్పటికి పదకొండు ఆమె చేతికొచ్చాయి. అన్నింటిలోనూ ఆరో స్వరం దిగే ఉంది. స్వరాలు పలికే రీడ్ల పలక ఊడదీయకుండా, పైనుంచే ఆకురాయితో గీకి, గుట్టుచప్పుడు కాకుండా సరిచేసి పంపేసింది. ఇంటి పరువు కదా మరి!

బుధవారం పన్నెండోది వచ్చింది. దాని పలక బీట తీసింది, ఊడదీయక తప్పలేదు. తిప్పి చూస్తే అడుగున పెన్సిల్ రాత. కొట్టు ముద్ర పక్కన ముత్తాత సంతకం ఉంది, ఇదీ ఆ చేతి రాతే.

"బాగుచేసేవారికి మనవి. ఆరో స్వరం తప్పు కాదు. మా ఆవిడ గొంతు అక్కడ వెంట్రుకవాసి దిగుతుంది. నాకు వినబడుతుంది, తనకి తెలియదు. పెట్టె సరిగ్గా ఉంటే నలుగురిలో ఆమెదే తప్పవుతుంది. అందుకని పెట్టెనే దించాను. కొన్నవారు విని కొన్నారు కాబట్టి మళ్ళీ మార్చడం మోసం. దయచేసి ముట్టుకోకండి."

చదివేసరికి పిల్లకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెవి లేనివాడట! వెంట్రుకవాసి తేడా పట్టి, అన్ని పెట్టెల్నీ ఒకే కొలతకి దించిన మనిషి! మరి ఆయన పనిని పదకొండుసార్లు చెరిపింది ఎవరు? సాక్షాత్తూ ఈవిడగారే.

ఆ సాయంత్రం పలక ఇంటికి తెచ్చి చూపిస్తే నాన్న రెండుసార్లు చదివాడు. నాయనమ్మ గొంతూ సరిగ్గా అక్కడే దిగుతుంది. చిన్నప్పుడు ఈ కొడుకే వెక్కిరిస్తే ఆవిడ పాడటం మానేసింది. పిల్ల బీటని అతికించి, మర్నాడు పలక బిగించి, పెట్టె తెచ్చి నాయనమ్మ ముందు పెట్టింది.

ఆవిడ చాలాసేపు బతిమాలించుకుని మొదలుపెట్టింది. ఆరో స్వరం దగ్గర గొంతు దిగింది, పెట్టె కూడా పక్కనే దిగింది. రెండూ కలిసిపోయాయి. తండ్రి గుర్తొచ్చి ఆవిడ కళ్ళు తుడుచుకుంది గానీ పాట ఆపలేదు.

"ఇంకోటి పాడమ్మా" అన్నాడు నాన్న. వీధిలో నిచ్చెన వేసుకున్న పెయింటరుని కేకేసి, తాత పేరు పక్కనే తన అమ్మమ్మ పేరూ రాయమన్నాడు.

మర్నాడు పొద్దున్నే పిల్ల ఆకురాయి సంచిలో వేసుకుని పదకొండు ఇళ్ళకి బయల్దేరింది. మొదటి ఇంటావిడ పెట్టె తెచ్చి, ఇప్పుడు బ్రహ్మాండంగా పలుకుతోంది కదమ్మా, ఇంకేం చేస్తావని అడిగింది.

"అదేనండీ తప్పు" అంది పిల్ల.