నాన్న పెట్టనన్న సంతకం

కాకినాడలో ఎంసీయే సీటొచ్చిందని నేను ఊరంతా చెప్పుకుని మురిసిపోతుంటే, లోను కాగితాల మీద సంతకం పెట్టనని నాన్న భీష్మించుకు కూర్చున్నాడు. ఆయన పెట్టకపోతే బ్యాంకు అప్పివ్వదు, సీటు పోతుంది. ఫీజుకి సోమవారమే ఆఖరు.

నిజం చెప్పొద్దూ, ఆ లోనంటే నాకూ గుండె దడే. అప్పట్లో కంప్యూటరు కంపెనీలు వరసగా మూతపడుతున్నాయి. ఎంసీయే చేసినవాళ్ళు ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. అయినా చదివేది నేను, తీర్చేది నేను. మధ్యలో ఈయనకేం? నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకు పెట్టవు? ఆడపిల్లననేనా?"

"నోర్ముయ్ రాణీ! నిన్ను అమ్ముకోనంటున్నాను," అన్నాడు నాన్న.

ఆ మాటకి అర్థమేంటో ఎంతడిగినా చెప్పడే! మర్నాడు పొద్దున్నే యానాంలో బ్యాంకుకి లాక్కెళ్ళాను.

మేనేజరు గారు కూర్చోమన్నా నాన్న కూర్చోలేదు. తువ్వాలు నలుపుతూ అడిగాడు.

"చదువయ్యాక మా అమ్మాయి జన్మంతా మీ బ్యాంకులోనే చెయ్యాలాండి? మీరెంతిస్తే అంతేనాండి జీతం?"

ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే జీతం సంగతా! సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత తట్టింది నాకు. మా పల్లెలో పడవకీ వలకీ షావుకారు బంగార్రాజు గారు అడ్వాన్సిస్తారు. అది తీరేదాకా పట్టిన చేపంతా ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే వెయ్యాలి. ఆ రేటుకి అదెన్నటికీ తీరదు. నాన్న ఎరిగిన అప్పు అదొక్కటే.

"అయ్యో, అదేం లేదు త్రిమూర్తులు గారూ," అన్నారు మేనేజరు గారు. "అమ్మాయి ఎక్కడైనా చేసుకోవచ్చు. ఉద్యోగం వచ్చాక నెలనెలా కడుతుంది, తీరిపోతుంది."

"తీరిపోద్దాండి?"

"తీరాక మాకూ తనకీ ఏ సంబంధం ఉండదండి."

నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టి పెన్ను నాకిచ్చాడు.

"ఉద్యోగం రాకపోతే నాన్నా?" అని గొణిగాను.

"రాకపోతే ఇద్దరం కలిసి కడదాం. పిచ్చిమొహమా, తీరే అప్పుకి భయమేంటే? మా తాత తీసుకున్న అడ్వాన్సుకి నేనింకా చేపలేస్తన్నాను."