మడతలో వదిలిన గుడ్డ

ఆదివారం ఆరాధన ముగిసింది. పరదేశులను ప్రేమించాలని పాస్టరుగారు చేసిన ప్రసంగానికి అందరూ ఆమేన్ అన్నారు. ఆ వెంటనే, మందిరం వసారాలో మూటలతో కూర్చున్న పరదేశుల్ని ఎన్నాళ్ళు ఉంచుకోవాలో తేల్చడానికి సంఘ పెద్దలు పక్క హాలులో సమావేశమయ్యారు.

యుద్ధంలో ఊరు కాలిపోయి వచ్చిన కుటుంబం అది. తల్లి, తండ్రి, ఎనిమిదేళ్ళ కూతురు. ఈ హాలులో చోటిస్తే ఉంటారు, లేకపోతే సరిహద్దు దగ్గరి గుడారాలకు పోవాలి.

"మూడు రోజులు భోజనం పెడదాం. తలా ఒక జత బట్టలిద్దాం. ఆపైన గుడారాలకు పంపేద్దాం. హాలుకు మొన్ననేగా రంగులు వేయించాం!" అన్నాడు పెద్దలకు పెద్ద అయిన కిరాణా కొట్టాయన. చెడ్డవాడేం కాదు. ఆకలన్నవాణ్ణి అన్నం పెట్టందే పంపడు. పంపడం మాత్రం మానడు.

బట్టల పని కుట్టుమామ్మకు అప్పగించారు. అరవై దాటినా సూదిలో దారం మొదటిసారికే ఎక్కించగల మనిషి. సమావేశాల్లో మాత్రం ఏనాడూ నోరు విప్పి ఎరగదు. మెడలో టేపు వేసుకుని వసారాలోకి వెళ్ళింది.

"చేతులు చాపమ్మా, బంగారం" అంటూ పిల్లకు గౌను కొలతలు తీసి, పొడవుకు అదనంగా నాలుగంగుళాలు కలిపి రాసుకుంది.

"అంత గుడ్డ ఎందుకమ్మా?" అంది తల్లి.

"ఎదిగే పిల్ల కదే! కింద మడిచి కుడతాను. పొట్టయినప్పుడల్లా విప్పుకోవచ్చు."

"వద్దమ్మా. ఒంటికి సరిపడా కుట్టండి చాలు. ఇది ఎదిగేసరికి మేం ఎక్కడుంటామో ఏమో."

టేపు చుడుతున్న మామ్మ చెయ్యి ఆగిపోయింది. యాభై ఐదేళ్ళ కిందట, ఈ వసారాలోనే, తన తల్లి కూడా ఇలాంటి మాటే అంది.

అప్పుడు మామ్మకు ఏడేళ్ళు. అది మరో యుద్ధం, కాలిపోయింది మరో ఊరు. అప్పటి పాస్టరమ్మ తన ఇంటి కిటికీ తెర దించి గౌను కోసింది. నీలం మీద తెల్ల చుక్కల తెర. నోట్లో గుండుసూదులు పెట్టుకునే గలగలా మాట్లాడేది ఆవిడ, ఒక్క సూదీ జారేది కాదు. "అంత మడత దేనికమ్మగారూ, వారంలో పోయేవాళ్ళం" అని అమ్మ నసిగితే, "పోదురుగానిలే, ముందు పిల్లని ఎదగనియ్యి. ఏటేటా మడత నేను విప్పుతాగా!" అంది. ఆ మధ్యాహ్నమే అమ్మ మూట విప్పి గిన్నెలు అరలో సర్దింది. ఆ గిన్నెల చప్పుడు ఎంత హాయిగా అనిపించిందో! ఆ గౌను నాలుగేళ్ళు తొడుక్కుంది మామ్మ. ఇప్పుడు పాస్టరమ్మా లేదు, అమ్మా లేదు. వాళ్ళు గుర్తొస్తే మామ్మకు ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

కొంగుతో కళ్ళద్దుకుని హాలులోకి వచ్చింది.

"కొలతలయ్యాయా మామ్మా?" అడిగాడు కొట్టాయన.

"ఒకటి తెలియలేదు నాయనా. ఆ పిల్ల ఇక్కడ ఎన్నేళ్ళు ఎదుగుతుంది? దాన్నిబట్టి మడత వదలాలి."

"మూడు రోజులనుకున్నాం కదా!"

"మూడు రోజుల్లో పిల్లలు ఎదుగుతారా? నేను ఈ హాలులో చాప మీద పెరిగిన పిల్లనని మీలో ఎంతమందికి తెలుసు? ఈ హాలు తాళంచెవి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది మీ నాన్నేనయ్యా. ఎప్పుడు పోతారని ఒక్కనాడూ అడగలేదు ఆయన. అడిగుంటే మా అమ్మ అప్పుడే మూట ఎత్తుకునేది. అన్నం పెట్టి పంపేస్తే ఆకలి తీరుతుంది. భయం తీరదు నాయనా."

పాస్టరుగారు తల దించుకున్నారు. కొట్టాయన లేచి వసారాలోకి నడిచాడు. అతణ్ణి చూడగానే ఆ తల్లి, వెళ్ళమంటారనుకుని, మూట దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, మీ పాప ఏ తరగతి?" అన్నాడతను.

ఆమె తెల్లబోయింది. ఇన్నాళ్ళ ప్రయాణంలో ఎవరూ అడగని ప్రశ్న అది. "మూడులో ఉండగా... బడి కాలిపోయిందండీ" అని బావురుమంది.

"అయితే రేపు పొద్దున్నే పాపను తయారుచెయ్యండి. మూడులోనే చేర్పిద్దాం" అన్నాడు.

నిలువ నీడ లేక మన గుమ్మంలోకి వచ్చినవాళ్ళను ఎప్పుడు వెళ్తారని అడగకండి, పిల్లల్ని ఏ తరగతిలో చేర్పించాలో అడగండి.